కుంకుడు రసం పోసిన గొర్రెపిల్ల

మా వంటింట్లో ఫోను వెల్లుల్లి వాసన వేస్తుంది. పొద్దున పొయ్యి వెలిగించినప్పటి నుంచి మధ్యాహ్నం గిన్నెలు బోర్లించే దాకా అది నా చేతికందే దూరంలో, ఒక పాత పలక ముక్కకు ఆనుకుని నిలబడి ఉంటుంది. కారం నూరిన వేళ్లతోనే దాన్ని తాకుతాను, చింతపండు పిసికిన చేత్తోనే పైకీ కిందికీ జరుపుతాను, కొంగుతో తుడుస్తాను. ఎంత తుడిచినా ఆ వాసన దాని కవర్లోంచి పోదు. మా కోడలు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "అత్తా, ఇది ఫోనా, పచ్చడి రోలా?" అని అడుగుతుంది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. గిద్దలూరులో మా పక్కింటి మార్తక్క చర్చిలో పాటల పుస్తకం చూసి చదవడం నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది నాకూ నేర్పింది. మధ్యాహ్నాలు ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే, ఆమె ఆ గింజల్నే నేల మీద పేర్చి 'అ' చూపించేది, 'ఆ' చూపించేది. ఒత్తులు వచ్చేసరికి గింజలు చాలక కందులు కూడా తెచ్చుకున్నాం. అట్లా ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత ఫోను నా చేతికి వచ్చింది, ఇక మా ఇద్దరినీ పట్టేవాళ్లు లేరు.

అందులో అంతసేపు ఏం చూస్తావని అడిగేవాళ్లకు చెప్పాలంటే ఒక పూట చాలదు. బీరకాయ అని రాస్తే బీరకాయతో యాభై రకాలు వండి చూపించే సైటు ఒకటుంది. తొక్కు పారేయకుండా పచ్చడి చెయ్యమని అక్కడ ఎవరో చెప్పినప్పుడు, మా అమ్మే అక్కడ కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించింది. చుక్కలు ఎన్నో చెబితే ముగ్గులు వేసి చూపించేది ఒకటి, ఊలుతో టోపీలు అల్లడం నేర్పేది ఒకటి. పిట్ట పేరు రాస్తే దాని రెక్కల కొలత నుంచి గుడ్డు రంగు వరకూ చెప్పే పెద్ద విజ్ఞాన భాండాగారం ఒకటుంది. దాన్ని జీతం తీసుకోనివాళ్లు ఎవరెవరో కూర్చుని రాస్తారని తెలిసిన రోజు నేను కాసేపు పొయ్యి మీద కూర సంగతి కూడా మరిచిపోయాను. గళ్లలో అక్షరాలు నింపే ఆట నేనూ మార్తక్కా రోజూ ఆడతాం. ఆమె అడ్డం, నేను నిలువు. కానీ వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది, కోళ్లూ మేకలూ గొర్రెలూ పెంచుకునేవాళ్లు తమ కష్టం చెప్పుకునే చోటు. ఒకరు అడుగుతారు, ముఖం కూడా తెలియనివాళ్లు జవాబు రాస్తారు. మా ఇంట్లో ఇప్పుడు ఒక్క గొర్రె లేదు. అయినా పొద్దున్నే ముందు తెరిచేది దాన్నే. తెరిచినప్పుడల్లా మా అవ్వ దొడ్డి దగ్గరి తడిక గుర్తొస్తుంది.

మాది రాచర్ల దగ్గర ఒక చిన్న ఊరు. పడమటి దిక్కున నల్లమల నీలంగా కనబడుతుండేది. ఎండాకాలం ఆ కొండ మీంచి వచ్చే గాలికి కాలిన ఆకుల వాసన ఉండేది, తొలకరి పడితే తడిసిన ఉన్ని వాసన ఊరంతా కమ్ముకునేది. వానలు ముదిరాక కొర్రలు, సజ్జలు, కంపల మధ్య నల్లగా మగ్గిన కలివి పండ్లు. ఆ తర్వాత కొండ దిగి గంపల్లో వచ్చే సీతాఫలాలు. చలికాలం వేడి సజ్జరొట్టె మీద పండుమిరప కారమూ, దాని మీద కరిగే ముంత అడుగు వెన్నా. ఆడపిల్లలం గొర్రెల వెనక పోతూనే అచ్చనగాయలకు గుండ్రటి రాళ్లు ఏరుకునేవాళ్లం, మధ్యాహ్నం గొర్రెలు నీడ పట్టి పడుకుంటే అక్కడే ఆడేవాళ్లం. బడి పక్క ఊళ్లో ఉండేది. అన్నదమ్ములు పోయేవాళ్లు, మేం పోలేదు. మార్కాపురం రాయి పలకలై ఎక్కడెక్కడి బడులకో ఎగుమతి అయ్యేది గానీ, మా ఇంటికి వచ్చినది మాత్రం మా నాయన అక్కడినుంచి తెచ్చిన అంచు విరిగిన ఒక ముక్క. అవ్వ దాన్ని మజ్జిగ కుండ మీద మూతగా పెట్టింది. దాని మీద ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు.

అవ్వ అంటే మా నాయన తల్లి. పొద్దున గొర్రెలను వదిలాక ఆమె దొడ్డి తడిక దగ్గర నులక మంచం వాల్చుకుని తాడు పేనుతూ కూర్చునేది. అప్పటినుంచి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. బిడ్డకు దగ్గు తగ్గలేదని ఒకామె, చలికి పాలు తోడుకోవడం లేదని ఒకామె, కొర్రలు ఇప్పుడు చల్లమంటావా ఇంకో వాన చూడమంటావా అని ఒకాయన. పులిజూదంలో పులి ఇట్లా దూకొచ్చా లేదా అని పోట్లాడుకుంటూ ఇద్దరు ముసలివాళ్లు వచ్చి, ఆమె చెప్పినదాకా కదలకుండా కూర్చున్న రోజు కూడా ఉంది. అవ్వ మాత్రం అడిగిన వెంటనే జవాబు చెప్పేది కాదు. చేతిలో తాడు ఆపకుండానే తిరిగి తనే మూడు నాలుగు ప్రశ్నలు అడిగేది. ఎప్పటినుంచి, ఏం తినింది, ఎవరు తాకారు, అంతకుముందు రోజు ఏం చేశారు. ఆ ప్రశ్నలకు జవాబులు చెబుతూ చెబుతూ వచ్చినవాళ్లకే సగం సంగతి తెలిసిపోయేది.

నాకు ఏడేళ్లప్పుడు, ఏరువాక పున్నమికి మూడు రోజుల ముందు, బొల్లి ముఖం గొర్రె ఒక పిల్లను ఈనింది. ఎర్రటి పిల్ల, నుదుటి మీద తెల్లటి చుక్క. ఈసారి పుట్టేది నీదేనని నాయన ముందే చెప్పి ఉన్నాడు. కాబట్టి చుక్క నాది. నాకు నాదంటూ ఉన్న మొదటి ప్రాణి అది.

పున్నమి రోజు పొద్దున ఊళ్లో ఎద్దులన్నిటికీ స్నానాలు. వాగు దగ్గర వాటిని పీచు పెట్టి రుద్దారు, కొమ్ములకు రంగులు వేశారు, మెడలో గంటలు కట్టారు; ఇళ్లల్లో పోలెలు, అంటే బొబ్బట్లు, కాలుతున్న నెయ్యి వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఎద్దులకు ఇంత మర్యాద చేస్తుంటే నా చుక్క ఒంటికి మట్టీ జిగురూ అంటుకుని ఉండడం నాకు నచ్చలేదు. అమ్మ మా తలలకని నానబెట్టిన కుంకుడుకాయ రసం చెంబు నిండా తీసుకుని, దొడ్డి వెనక్కి ఎత్తుకుపోయి, పిల్లకు రెండుసార్లు తల నుంచి తోక దాకా పోశాను. పసుపు రాశాను. ఎండలో నా పావడాతో తుడిచాను. అంత అందమైనదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు.

తీసుకుపోయి తల్లి దగ్గర వదిలాను. బొల్లిది ఒకసారి పిల్ల తోక దగ్గర మూతి పెట్టి వాసన చూసింది. వెనక్కి అడుగు వేసింది. పిల్ల పొదుగు వెతుక్కుంటూ ముందుకు పోతే తలతో ఒక్క పోటు పొడిచింది. చుక్క రెండు పల్టీలు కొట్టి లేచి మళ్లీ పోయింది, మళ్లీ పొడిచింది.

మధ్యాహ్నానికి సంగతి ఇంట్లో తెలిసింది. అవ్వ వచ్చి గొర్రె పొదుగు తడిమింది; వాపు లేదు, గడ్డ లేదు, పాలు ఉన్నాయి. పళ్లు చూసింది, కళ్లు చూసింది. ఆ తర్వాత తన ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్లను వేరే మందలో ఎవరైనా కలిపారా, కుక్క ఏమైనా ముట్టుకుందా, పిల్ల మీద నీళ్లు ఎవరైనా పోశారా అని ఒక్కొక్కరినీ అడిగింది. నా దాకా వచ్చినప్పుడు నేను లేదని తల ఊపాను. పావడా ఇంకా తడిగానే ఉంది. పండగ సందడిలో ఎవరూ చూడలేదు.

నిజం తెలియక అవ్వ ఆ రోజంతా ఏవేవో చేసింది. గొర్రెకు బెల్లం నీళ్లు పట్టించింది, చోటు మార్చింది. అమ్మ గుడ్డ వత్తిని ఆవుపాలలో ముంచి పిల్ల నోట్లో పెడితే, తాగినట్టే తాగి నీళ్లుగా పారుకుంది. నేను పోలె తినలేదు. పండగ పూట ఎందుకు తినలేదని అడిగినవాళ్లకు కడుపు నొప్పని చెప్పాను. అది రెండో అబద్ధం.

మర్నాడు పొద్దున చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, చుక్క నోట్లో వేలు పెట్టి చూశాడు. గొర్రెపిల్ల నోరు చల్లబడితే ఇక ఎంతోసేపు ఉండదు. అది మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నోరు సల్లబడిందమ్మా. ఇది పొద్దు గూకేదాకా ఉండదులే," అన్నాడు.

"నువ్వుండు నాయనా. అడిగేది ఇంకా అయిపోలా," అంది అవ్వ.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. తాడు పేనుకుంటూనే ఉంది. నేను దొడ్డి వెనక్కి పోయి, ముందు రోజు మట్టిలో కప్పెట్టిన కుంకుడుకాయ తొక్కులు తవ్వి తెచ్చి ఆమె ఒళ్లో పోశాను.

"నేనే అవ్వా. నేనే నీళ్లు పోసినా."

చిన్నాయన చెయ్యెత్తాడు. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "కొడితే ఇంకోసారి అడిగినప్పుడు చెప్పదురా," అంది. ఆ తర్వాత నాతో, "నిన్ననే చెప్పింటే నిన్ననే తాగేది గదమ్మీ. రా, పిల్లని పట్టుకో," అంది. అంతే. ఆ సంగతి ఆమె మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

బొల్లిదాన్ని గుంజకు కురచ తాడుతో కట్టింది. దాని పాలు నాలుగు ధారలు అరచేతిలోకి పిండి, పిల్ల తల మీద, వీపు మీద, అన్నిటికంటే ఎక్కువగా తోక కింద రుద్దింది. గొర్రె రాత్రంతా పడుకున్న చోట తడిసిన పెంట మట్టి తీసి, నేను అంత కష్టపడి కడిగిన ఒంటికి మళ్లీ పులిమింది. దాని మీద ఉప్పు కల్లు చల్లింది. మజ్జిగ కుండ మీది పలక ముక్క తీసుకొచ్చి, దాని మీద మరికొంత ఉప్పు పోసి గొర్రె మూతి ముందు పెట్టి నాకించింది. ఉప్పు రుచి పట్టాక పలకను మెల్లగా జరుపుతూ పిల్ల వీపు దగ్గరికి తెచ్చి, పలక తీసేసింది. గొర్రె నాలుక పిల్ల మీదికి వచ్చింది. ఉప్పు కోసం నాకింది, నాకుతూ నాకుతూ తోక దగ్గరికి వచ్చి ఆగింది, వాసన చూసింది. గొంతు లోపలినుంచి సన్నగా ఒక కూత కూసింది. తల్లి గొర్రె తన పిల్లతో తప్ప వేరే ఎవరితోనూ అట్లా కూయదు. చుక్క తోక గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పొదుగు అందిందని దానికంటే గట్టి గుర్తు లేదు.

మొన్న నేను ఇష్టపడే ఆ సైటులో ఒకామె అడిగింది. పేరు ఉండాల్సిన చోట పువ్వు బొమ్మ ఉంది, ఊరేదో తెలియదు. కొత్తగా రెండు గొర్రెలు తెచ్చుకుందట, ఒకటి ఈనిందట, నాలుగో రోజు నుంచి తల్లి పిల్లను పొడుస్తోందట, ఏం చెయ్యాలో తెలియడం లేదట. కింద అప్పటికే తొమ్మిది జవాబులు. సీసా పాలు పట్టమన్నారు, పొదుగు చూడమన్నారు, డాక్టరును పిలవమన్నారు. అన్నీ మంచి మాటలే, చెప్పినవాళ్లు శ్రద్ధగానే చెప్పారు. ఎవరూ ఆమెను తిరిగి ఏమీ అడగలేదు.

అప్పటిదాకా నేను ఫోనులో చదవడమే గానీ ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఒక్క ముక్క రాసి ఎరగను. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, "పిల్లకు ఎవరైనా నీళ్లు పోశారా?" అని రాశాను. లేదండీ అని వెంటనే వచ్చింది. మరీ వెంటనే వచ్చింది. ఆ తల ఊపు నాకు తెలుసు.

అందుకని మళ్లీ రాశాను. ఈసారి పప్పు ఉడికేంత సేపు పట్టింది. "నాకు అరవై దాటాయమ్మా. ఏడేళ్లప్పుడు నేను నా గొర్రెపిల్లకు కుంకుడు రసం పోసి, పోయలేదని చెప్పాను. అది చావబోయింది. అందుకే అడుగుతున్నాను, తిట్టడానికి కాదు."

నేను అన్నం వార్చి వచ్చేసరికి జవాబు ఉంది. "నేనే పోశాను. షాంపూతో. ఫోటో తీద్దామని."

పాలు ఎక్కడ రుద్దాలో, మట్టి ఎక్కడిది తియ్యాలో, ఉప్పు ఎంత చల్లాలో అంతా రాశాను. పలక లేకపోతే పళ్లెం చాలన్నాను. నోరు చల్లబడిందేమో చూసుకోమని, చల్లబడితే డాక్టరు కోసం కూడా కబురు పెట్టమని రాశాను. ఆ సాయంత్రం మార్తక్క గళ్ల ఆట ఆడదామని వస్తే, "ఈ రోజు నాకు నిలువు తోచదక్కా," అని పంపించేశాను.

తెల్లారి చూస్తే రెండు మాటలున్నాయి. "తాగుతోంది అవ్వా." కింద చిన్న వీడియో.

మా దొడ్డి ఉన్న చోట ఇప్పుడు ఆటోలు నిలిపే రేకుల షెడ్డు ఉంది. ఏరువాకకు ట్రాక్టర్లను కడిగి బంతిపూలు కడుతున్నారు. కొర్రలు అడిగితే ప్యాకెట్టులో ఇస్తారు. తడిక లేదు, దాని పక్కన నులక మంచం లేదు, అవ్వకు ఒక్క ఫోటో కూడా తీయించలేదు. ఇంట్లో మిగిలింది ఫోను ఆనించే ఆ పలక ముక్క ఒక్కటే. వీడియోలో ఎవరిదో పెరడు, సిమెంటు గచ్చు, నీలం ప్లాస్టిక్ బకెట్టు. తల్లి ఉప్పు నాకుతోంది. షాంపూ పెట్టిన తెల్లటి ఒంటి మీద పులిమిన మట్టి మధ్య, పిల్ల తోక గిలగిలా కొట్టుకుంటోంది.

నేను దాన్ని నాలుగుసార్లు చూశాను. ఐదోసారి, పక్కన ఎవరూ లేరు కదాని, ఫోను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెల్లుల్లి.