ఆ చేనికి తెగులు లేదు

ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో, సముద్రపు ఒడ్డున ఒక రిసార్టు వంటశాలకు సరుకులు కొనే ఉద్యోగం చేశాను. కెనడా కాలేజీలు మన పిల్లలతో నిండిపోయిన ఏళ్లవి. మా వంటశాలలోనూ సగం మంది వాళ్లే.

టూరిస్టులకు దీవిలో పండినదే వడ్డించాలని యాజమాన్యం నిర్ణయించింది. పక్క ఊరి ముసలి రైతు దగ్గరికి నేనే వెళ్లి, తోలుతోనే వేయించే చిన్న బంగాళాదుంపలు కావాలన్నాను. అక్కడివాళ్లు ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్యాక్టరీ కోసం పెద్ద దుంపలు వేస్తారు. చిన్నవి ఫ్యాక్టరీ తీసుకోదు. అది తెలిసీ ఆయన చేనంతా మాకోసమే వేశాడు. కాగితం లేదు, చేయి కలిపాడు. అక్కడ అదే ఒప్పందం. రిసార్టు హాల్లో ఆయన ఫోటో పెట్టాం.

దీవి బయటి నుంచి వంతెన మీదుగా ఏటా లారీలో దుంపలు పంపే వ్యాపారికి ఆ ఏడాది వద్దని ముందే చెప్పాల్సింది. మరచిపోయాను. రెండు సరుకులూ వచ్చిపడ్డాయి. ఉద్యోగం పోతుందన్న భయంతో, రైతు దుంపలకు మచ్చ తెగులుందని మేనేజరుకు రాశాను.

దుంపలు కడిగే అమ్మాయి, కరీంనగర్ నుంచి వచ్చిన విద్యార్థిని, ఒకదాన్ని తిప్పి చూసింది.

"తెగులేడుంది అంకుల్? మంచిగనే ఉన్నయి గదా."

"నువ్వు చదివేది అగ్రికల్చరా?"

"బిజినెస్, అంకుల్."

"అయితే వచ్చే వారం షిఫ్టుల సంగతి చూసుకో."

ఆమె దుంపను బుట్టలో పడేసి సింకు వైపు తిరిగింది.

రైతు పంపిన మొదటి లోడును తిప్పి పంపి, మిగతాది వద్దన్నాం. చిన్న దీవి. తెగులు మాట మిగతా హోటళ్లకూ పాకింది. ఎవరూ కొనలేదు. నేను పొలానికి వెళ్లేసరికి ఆయన పంటను ట్రాక్టరుతో మట్టిలో కలిపేస్తున్నాడు. ఇంజన్ ఆపి నాకే క్షమాపణ చెప్పాడు.

"నాకు ఒక్క మచ్చా కనబడలేదు. చూపు తగ్గినట్టుంది. నీకు మాట తెచ్చాను."

నేను తల ఊపాను.

ఫోటో మాత్రం సీజనంతా హాల్లోనే ఉంది. లారీ దుంపలు తిన్న టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నేను వెనక తలుపు నుంచి రాకపోకలు సాగించాను. మరుసటి వసంతంలో ఆయన విత్తనం వేయలేదు. పొలం అమ్మేశాడు. కొన్నేళ్లకు పోయాడని విన్నాను.

మొన్న ఆయన భార్యకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"కళ్లు బాగున్నాయని డాక్టరు చెప్పినా ఆయన నమ్మలేదు," అందామె. "మందు సీసా మీది అక్షరాలు కూడా నాచేతే చదివించుకునేవాడు."