నార్ఫోక్ దీవిలో ఒక ప్రశ్న

నగర శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా ఇంటి నుంచి చీకటితోనే బయలుదేరాను. మొదటి రైలెక్కి, సిటీలో మారి, ఎయిర్‌పోర్టు చేరేసరికి ఏడైంది. నార్ఫోక్ దీవి ఆస్ట్రేలియాదే అయినా విమానం అంతర్జాతీయ టెర్మినల్ నుంచే బయలుదేరుతుంది. వెళ్లేవాళ్లు పొరపాటున దేశీయ టెర్మినల్‌కు పోకండి.

ఈ ప్రయాణానికి కారణం ఆ దీవి నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్. వలస ఉద్యోగులకు వాళ్ల హక్కులు తెలియజెప్పే చిన్న సంస్థ మాది. తెలుగువాళ్లు ఫోన్ చేస్తే నేనే మాట్లాడతాను.

"అక్కా, మాది జగిత్యాల. ఈడ హోటల్ల పని చేస్త," అంది స్వరూప. "నా రూమ్‌ది ఇంకో తాళంచెవి ఓనర్ దగ్గరుంది. నేను లోపలుండంగనే తలుపు తీస్కొని వస్తడు. ఎవరికన్న చెప్తే వీసా పోతదంటడు."

తన పేరు ఎక్కడా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే దీవిలో పనిచేసే వాళ్లందరి కోసమంటూ ఒక సభ పెట్టాం.

విమానంలో నా పక్కన ఆ దీవికి చెందిన పెద్దాయనే కూర్చున్నాడు. ఎందుకు వెళ్తున్నానో చెబితే నవ్వాడు. "అక్కడ అందరికీ అందరూ తెలుసు. మీరు బస చేరేలోపే మీరెవరో ఊరంతా తెలిసిపోతుంది." మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం స్వరూప వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చింది.

ఆ దీవిలో ఎక్కడికి పోవాలన్నా కారు కావాలి. నేను గది తీసుకున్న ఇంటావిడ మార్గరెట్ ఎయిర్‌పోర్టు నుంచి తన కారులో తీసుకెళ్లింది. రోడ్డుకడ్డంగా ఆవులు, రెండు వైపులా ఎత్తైన పైన్ చెట్లు, వాటి మధ్య నుంచి నీలంగా సముద్రం. ఎదురైన ప్రతి కారులోంచీ మనుషులు చెయ్యి ఊపారు. అలా ఊపినవాళ్లలో నన్ను పరీక్షగా చూసిన ఒకాయన గురించి అడిగాను.

"ఆయనకు హోటలుంది. మంచివాడంటారు," అంది. "అంటారు" దగ్గర ఆమె గొంతు తగ్గింది.

మధ్యాహ్నం మూడింటికి ఊరి హాలులో సభ. తన హోటల్ సిబ్బందిని, దారిలో చెయ్యి ఊపిన ఆయనే వ్యాన్‌లో తీసుకొచ్చాడు. నాకు టీ కలిపి ఇచ్చి, "మావాళ్లు కూడా తెలుసుకోవాలి కదా," అంటూ ముందు వరుసలో కూర్చున్నాడు. వెనక, తల వంచుకుని, ఒక్క తెలుగమ్మాయి. స్వరూప అని చూడగానే తెలిసింది.

జీతం, సెలవులు, పనిగంటల గురించి చెప్పాను. సిబ్బంది ఉండే గదుల సంగతి వచ్చేసరికి ముందు వరుసలో ఉన్న ఆయన వైపు చూశాను. దాన్ని దాటవేద్దామనుకుంటుండగా ఆ అమ్మాయి లేచి నిలబడింది. కుర్చీని గట్టిగా పట్టుకుని, ఇంగ్లీషులో, "నా రూమ్‌లోకి మా బాస్ అడగకుండా రావచ్చా?" అంది.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. నేను జవాబు చెబితే ఈ పిల్ల ఇవాళ ఎక్కడ పడుకుంటుంది?

"రాకూడదు," అన్నాను. "దాని మీద పోలీసులకు చెప్పవచ్చు. వీసా తీసేసే అధికారం యజమానికి లేదు."

"జోక్ చేస్తోంది," అని ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు గుమ్మం దగ్గరున్న మార్గరెట్ అంది. "మా అమ్మాయి కూడా నీ దగ్గర పనిచేసి, కారణం చెప్పకుండానే మానేసింది. ఎందుకో ఇవాళ అర్థమైంది." స్వరూప వైపు తిరిగి, "నువ్వు మా ఇంటికి రామ్మా," అంది.

మర్నాడు ముగ్గురం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. స్వరూప చెప్పిందంతా రాసుకున్నారు. బయటికొచ్చేసరికి ఎదురుగా దుకాణం ముందు ఆయన తన కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మేం కారెక్కేదాకా చూస్తూనే ఉన్నాడు. తిరుగు విమానం వచ్చేదాకా మార్గరెట్ ఇంటి ముందు ఏ బండి ఆగినా మాటలు ఆపేసేవాళ్లం.

నాతో వచ్చెయ్యమని స్వరూపను ఎయిర్‌పోర్టులో మళ్లీ అడిగాను.

"రానక్కా. నేనొస్తే ఆ రూమ్‌ల ఇంకో పిల్లను పెడ్తడు. విచారణ అయ్యేదాంక ఈడనే ఉంట."

"భయం లేదా?"

"ఎందుకు లేదు? రాత్రి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకొని పండుకున్న."

విమానం లేచింది. అంత అందమైన దీవి కిటికీలో నా అరచేయంతయి, మబ్బులో కలిసిపోయింది. చూడదగ్గ చోటే, వెళ్లి రండి. నేను భయపడింది నాలుగు రోజులు, అదీ చేతిలో తిరుగు టికెట్ పెట్టుకుని. స్వరూప మాత్రం రేపు ఉప్పో పప్పో కొనడానికి వెళ్లినా అక్కడ ఆయన ఎదురుపడవచ్చు.