తెరచాపలో చచ్చిన దారం

తెరచాపను సూరత్‌ అడాజన్‌లోని మా ఫ్లాట్ హాల్లో పరచడానికి సోఫాను బాల్కనీలోకి జరపాల్సి వచ్చింది. హజీరాలో ఇంజనీరుగా పనిచేసే నా భర్త ఆ పాత పడవను కొని ఏడాది కూడా కాలేదు. దాంతోపాటు వచ్చిన తెరచాపా పాతదే. ఏడు పొడుగాటి పాలిస్టర్ పట్టీలను ఆరు చోట్ల అతికి కుట్టినది. ఆ పడవలో తీరం వెంట దక్షిణాన డామన్ దాకా వెళ్ళి రావాలని ఆయన కోరిక. కుట్టు పని నాది.

మా నాన్న చూడ్డానికి వచ్చాడు. సిరిసిల్ల నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు సూరత్ మగ్గాల మీద బతికిన మనిషి. బట్టను వేళ్ళ మధ్య నలిపి, వెలుగుకెత్తి చూశాడు. తర్వాత ఒక అతుకు దగ్గర దారం కింద గోరు పెట్టి లాగాడు. చప్పుడు లేకుండా తెగింది.

"బట్ట మంచిగనే ఉంది బిడ్డా. దారమే సచ్చింది, ఎండకు. అతుకులన్నీ మల్ల కుట్టాలె."

"అంత టైం లేదు మామయ్యగారూ," అన్నాడు నా భర్త. "శనివారం పొద్దున నీళ్ళు సముద్రంలోకి తీసే ఆటు మాకు కలిసొస్తుంది. అది దాటితే మళ్ళీ నాకు సెలవు దొరకదు."

శుక్రవారం సాయంత్రానికి మూడు అతుకులే కుట్టగలిగాను. మిగతా మూడూ అలాగే ఉండగా తెరచాప మడతపెట్టాం. వద్దని నేను ఒక్క మాట అనలేదు.

మర్నాడు ఆటు నీళ్ళతోపాటు తాపీ నది ముఖం దాటి సముద్రంలోకి వచ్చాం. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. తలమీద టపటపమని ఏదో చిట్లుతున్న శబ్దం. చూస్తే, నేను కుట్టని అతుకులోంచి ఆకాశం కనిపిస్తోంది. జానెడు. చూస్తుండగానే మూరెడు.

"దించండి! దించేయండి!" అని అరిచాను.

దించాం. ఇంజను వేస్తే కాసేపటికే ముక్కి ఆగిపోయింది. ఎవరో వదిలేసిన వల పడవ అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంది. అప్పటికి ఆటు ముగిసి నీళ్ళు వెనక్కి తిరిగాయి. పోటు మమ్మల్ని వచ్చిన దారినే, నది ముఖం దగ్గరి ఇసుక మేటల వైపు లాక్కుపోతోంది. లంగరు వేశాం. అడుగున మెత్తటి బురద, పట్టు దొరకలేదు.

సూది నెట్టడానికి అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, దారానికి మైనం రాసి కుట్టడం మొదలుపెట్టాను. ఆయన రెండు అంచులూ కలిపి పట్టుకున్నాడు.

"మేటలు ఎంత దూరంలో ఉన్నాయి?" అన్నాను తలెత్తకుండా.

"నువ్వు కుట్టు."

మేటల మీద అలలు విరిగే హోరు వినిపించేసరికి సూది ఇంకా వేగంగా ఆడించాను. చివరి ముడి వేసి, లంగరు లాగి, తెరచాపను సగం వరకే ఎత్తాం. పడవ బద్ధకంగా పక్కకు తిరిగింది. ఎడమవైపు, రాయి విసిరితే అందేంత దగ్గరలో, మేటల మీది గోధుమరంగు నీళ్ళు సుడులు తిరుగుతూ వెనక్కి జరిగాయి. అదే పోటు మమ్మల్ని నదిలోకి తోసింది. డామన్ చేరనే లేదు.

ఆదివారం నాన్నా నేనూ తెరచాపను మళ్ళీ హాల్లో పరిచాం. నేను మిషను మీద కుట్టిన మూడు అతుకుల్లోనూ దారం అక్కడక్కడ తెగి ఉంది.

"ఏం దారం వాడినవ్?"

"ఇంట్లో ఉన్నదే. చీరలకు ఫాల్ కుట్టే సన్న దారం."

నాన్న తెగిన దారాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. "అల్లునికి ఎరికేనా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. లోపలి గదిలో నా భర్త ఎవరితోనో ఫోన్లో, వచ్చే నెల ఆటుపోట్ల వేళలు అడుగుతున్నాడు.