పన్నెండు మీటల పెట్టె

మా ఎదురింటమ్మాయి ప్రెస్సులో కంప్యూటరు మీద పేజీలు కడుతుంది. ఆమె పేరుకే కుర్చీలో కూర్చుంటుందనీ, పనంతా తమ్ముడు చేసిపెడతాడనీ ఒక మాట వీధంతా తిరిగి నా వంటింటి కిటికీ దాకా వచ్చింది. అందుకే నేనే తేల్చి చెబుతున్నాను. తమ్ముడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆ ప్రెస్సు గడప తొక్కింది ఒక్కసారే, అదీ చిన్న పెట్టె ఒకటి ఇచ్చిపోవడానికి.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో అక్షరాలు కొట్టడం నేర్చుకుంది గానీ, రెండు మూడు మీటలు ఒక్కసారే నొక్కితేగాని జరగని పనులు బోలెడు. అందుకని తమ్ముడు కంప్యూటరుకు తగిలించే పన్నెండు మీటల పెట్టె తెచ్చాడు. ఏ మీటకు ఏ పని అప్పగిస్తే అది ఆ పని చేస్తుందట. మొదటి మీటకు కొట్టిన పేజీని దాచడం, చివరిదానికి దాన్ని చెరపడం, మధ్యలో తక్కినవి వరసగా పెట్టి వెళ్ళాడు.

మూడో రోజే కొంప మునిగింది. వైరు మణికట్టుకు అడ్డమొస్తోందని ఆమె పెట్టెను అటుదిటు తిప్పి పెట్టుకుంది. దాంతో చివరి మీట మొదటికొచ్చింది. ఒక బడి పత్రికలో రెండు పేజీలను దాస్తున్నాననుకుని చెరిపేసింది. మూసేటప్పుడు, ఇలాగే ఉంచేయనా అని కంప్యూటరు అడిగితే సరేనంది. ఇక అవి తిరిగి రాలేదు.

యజమాని అరవలేదు. సోమవారానికి పత్రిక అందకపోతే ఆ కుర్చీలో వేరేవాళ్ళను కూర్చోబెడతానని మెల్లగా చెప్పాడు. అరిచినా బాగుండేది. వాళ్ళ ఇల్లు గడిచేది ఆ కుర్చీతోనే.

ప్రెస్సు మా వీధి చివరే. కళ్ళతో చూడందే నాకు అన్నం సహించదు కాబట్టి వెళ్ళి పక్కన స్టూలేసుకున్నాను. పెట్టెను మళ్ళీ సరిగ్గా తిప్పుకోమని తమ్ముడు ఫోన్లో చెబుతున్నాడు.

"పెట్టె ఇలాగే ఉంటుందిరా. మీటలే మారతాయి. ఎలా మార్చాలో చెప్పు."

"నేనొచ్చి మారుస్తాలే అక్కా."

"రేపు ఇంకోటి మార్చాలంటే రేపూ వస్తావా? చెప్పరా బాబూ."

అడిగి అడిగి నేర్చుకుంది. బొటనవేలు దానంతటది పడే చోట దాచడం పెట్టింది. చెరిపే మీటను దూరంగా ఒక మూలకు తోసి, తడిమితే తెలిసేలా దానిమీద జిగురు బొట్టు ఆరబెట్టింది. దాని పక్క మీటలు రెంటికీ ఏ పనీ ఇవ్వలేదు. దండగ కదే అన్నాను.

"పక్కింట్లో ఎవరూ లేకపోతే గొడవే ఉండదు పిన్నీ," అంది, నావైపు చూడకుండానే.

ఆ బడి పేరు బారెడుంటుంది, ప్రతి పేజీ అడుగునా కొట్టాలి. దాన్నంతటినీ ఒక్క మీటలో కూరింది. నేనూ నొక్కి చూశాను, రెండుసార్లు. పేజీలో పడ్డ ఆ పేర్లు తుడుచుకోలేక చచ్చింది పాపం.

చెరిగిన రెండు పేజీలూ మళ్ళీ కొట్టింది. ఆదివారం కూడా ప్రెస్సు తాళం ఆమే తీసింది, ఆమే వేసింది. సోమవారం యజమాని వచ్చేసరికి నలభై పేజీలూ బల్లమీద ఉన్నాయి. ఆయన అన్నీ తిరగేసి, ఒక్క తప్పు పట్టుకుని, తర్వాతి పని కాగితాలు ఆమె ముందు పెట్టి వెళ్ళాడు.

ఇక నేను ఆగలేక అడిగేశాను. చెయ్యి మళ్ళీ వస్తుందన్నాడట కదా డాక్టరు, అప్పుడీ పెట్టెను ఏం చేస్తావే అని.

"రానీ పిన్నీ. వస్తే దానికి వేరే పని వెతుకుతాను. ఈ ఉద్యోగం మాత్రం ఎడమచేతిది."