బెల్టులో నిలబడిన గేదె

మా ఇంట్లో ఇప్పటికీ అది సోమవారం జరిగిందనే అంటారు. కాదు, మంగళవారం. కూర్మన్నపాలెంలో మా మరిది ఇంటి వెనక సందులో, వెనక్కి వస్తున్న ఇసుక లారీ ఒకటి వాళ్ల గేదె నడుముకు తగిలింది. చర్మం చిట్లలేదు, రక్తం రాలేదు. కూలబడ్డ గేదె ముందుకాళ్లు ఊని లేవబోయింది. వెనక సగం మాత్రం నేలకు అంటించినట్టు ఉండిపోయింది.

ఆ గేదె నా తోడికోడలిది. తల్లి చచ్చిన దూడగా ఉన్నప్పటి నుంచి దాన్ని సీసాతో పాలు పట్టి పెంచింది. లేవని గేదెకు చివరికి ఏం చేస్తారో ఆమెకు తెలుసు. అందుకే ఆ మాట ఎవరి నోటా రానివ్వలేదు.

మా మరిది పోర్టులో ఓడల నుంచి సరుకు దించే ముఠాలో పనిచేసి రిటైరయ్యాడు. బెల్టు వేయాల్సిన చోటు తెలిస్తే లేవని బరువంటూ ఉండదని అతని నమ్మకం. ఆటోనగర్ వెళ్లి చైన్ పుల్లీ, మూడు ఇనుప పైపులు, రెండు వెడల్పాటి బెల్టులు తెచ్చాడు. తనతో పనిచేసిన స్నేహితుడినీ పిలుచుకొచ్చాడు.

"ఇంజిన్లు దించినోలం బావ, గేది ఒక లెక్కా?" అన్నాడు స్నేహితుడు.

"ఇంజిను తన్నదు బావ. నువ్వు ఎనక్కాల కాడ నిలబడకు."

"తంతే మంచిదే కదేటి! తన్నించుకుంతాను."

పైపులను గేదె మీదుగా ముక్కాలిలా నిలిపి పైన పుల్లీ తగిలించారు. ముందుకాళ్ల వెనక ఒక బెల్టు, పొదుగుకు ముందు ఒకటి వేశారు. ఒరుసుకోకుండా గోనెసంచులు మడిచి పెట్టారు. గొలుసు లాగుతుంటే గేదె ఒక పక్కకు ఒరిగింది. ఒళ్లు ఒరిగినా తల ఒరగలేదు. మెడ తిప్పి తలను తిన్నగానే నిలుపుకుంది. ముందుకాళ్లు నేలను వెతుక్కున్నాయి. వెనకకాళ్ల గిట్టలు గచ్చుకు తగలగానే ఆ కాళ్లు బిగుసుకుని నిటారుగా నిలిచాయి.

"నిలబడ్డాది! అక్కా, సూడు, నిలబడ్డాది!" అంటూ నా తోడికోడలు చప్పట్లు కొట్టింది.

అంతలోనే కాళ్లు మడతపడ్డాయి. బరువంతా బెల్టుల మీదికి వచ్చి గొలుసు కిర్రుమంది.

ఆనాటి నుంచి ఉదయం, సాయంత్రం అదే పని. బెల్టుల కింద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, తర్వాత రసి కారింది. వేలాడినంతసేపూ గేదె రొప్పేది. నా తోడికోడలు మాత్రం రోజూ వెనక గిట్టల మధ్య గట్టిగా గిల్లేది. కాలు వెంటనే లాక్కునేది.

"సచ్చిన కాలైతే ఇలగ లాక్కుంతాదేటక్కా?"

కళ్ల ముందు కాలు కదులుతోంది మరి. చూడవచ్చిన వాళ్లందరికీ ఆమె గిల్లి చూపించేది. వాళ్లూ లేస్తుందనే చెప్పి వెళ్లేవాళ్లు.

ఆ పై వారం శుక్రవారం, గేదె బెల్టుల్లో వేలాడుతుండగా పశువుల డాక్టరమ్మ వచ్చింది. ముందుగా వెన్ను పొడవునా వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లింది. తర్వాత పట్టకారుతో వెనక గిట్ట పైన బిగించింది. కాలు లాక్కుంది. నా తోడికోడలు మా అందరి వంకా గెలిచినట్టు చూసింది.

"కాలును కాదమ్మా, ముఖాన్ని చూడండి," అంది డాక్టరమ్మ.

మళ్లీ బిగించింది. కాలు మళ్లీ లాక్కుంది. గేదె చెవి కదపలేదు, కన్ను తిప్పలేదు. నోటి దగ్గర పెట్టిన పచ్చగడ్డి తింటూనే ఉంది. ఈసారి ముందుకాలికి బిగించింది. గేదె బుసకొట్టి, తల విసిరి, కళ్లు పెద్దవి చేసి ఆమె వైపు చూసింది.

"గుచ్చుకుంటే కాలు లాక్కోవడానికి మెదడుతో పనిలేదు. నడుము దగ్గర వెన్నుపాము ఆ పని తనే చేసేస్తుంది. గిట్ట నేలకు ఆనినప్పుడు కాలు బిగుసుకోవడమూ అంతే. నిలబడాలంటే మాత్రం పైనుంచి ఆజ్ఞ అందుతూనే ఉండాలి, కిందినుంచి కబురు పైకి చేరుతూనే ఉండాలి. ఆ దారి తెగిపోయిందమ్మా. వెనక సగానికి నొప్పి తెలియదు. బెల్టు కోసే నొప్పంతా ముందు సగానిదే."

"ఇంకో వారం ఎత్తి సూత్తాం," అన్నాడు మా మరిది.

"ఎత్తగలరు. నిలబెట్టలేరు."

నా తోడికోడలు చెయ్యి చాచి పట్టకారు అడిగి తీసుకుంది. వెనక కాలికి తనే బిగించి, ఇన్నాళ్లూ చూడని వైపు, గేదె కళ్లలోకి చూసింది. కాలు లాక్కుంటూనే ఉంది. గేదె గడ్డి నములుతూనే ఉంది. ఆమె ఇంకాస్త బిగించింది. ఆపైన పట్టకారు తీసి, నలిగిన చోట అరచేత్తో రుద్దింది, దానికి తెలుస్తుందన్నట్టు.

"మావా, దించీ," అంది.

మా మరిది గొలుసు పట్టుకున్నాడు గానీ వదల్లేదు. స్నేహితుడు వచ్చి అతని చేతుల మీద చేతులు వేశాడు. ఇద్దరూ కలిసి మెల్లగా దించారు. గిట్టలు ఆనగానే వెనకకాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. అయినా ఇద్దరూ గొలుసు ఆపకుండా, గేదె నేలకు ఆనేదాకా దించారు.

సూది వేసే ముందు డాక్టరమ్మ, ప్రాణం పోయాక కూడా కాసేపు కండరాలు అదరవచ్చని, అది చూసి మనసు చెదరవద్దని చెప్పింది. నా తోడికోడలు గేదె చెవి వెనక గోకి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మొదట చెవులు వాలాయి, తర్వాత మెడ వాలింది. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, లేచి నిలబడింది.

కాసేపటికి తొడ అదిరింది. తర్వాత కాలంతా ఒకసారి కదిలింది.

"అక్కా, అయిపోనాదా?" తలుపు వెనక నుంచి అడిగింది.

"అయిపోయింది," అన్నాను.

"కదల్లేదు కదా?"

"లేదు," అన్నాను.