ఇరవై ఒకటో రోజు

మా ల్యాబులో ఆవిడకి ‘ఆగక్క’ అని పేరు పెట్టింది నేనే. ఎవరు దేనికి తొందరపెట్టినా “ఆగు” అనేది. ఎదురుగా పెద్ద సారుంటే “ఆగండి” అనేది, అంతే తేడా. ఎగతాళికి పెట్టిన పేరది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జంతువుల ఒంటిని పట్టుకుని ఉండే పిడుదు పురుగు మనిషిని కుడితే లైమ్ జబ్బు రావచ్చు. ముదిరితే కీళ్ళు పట్టేస్తాయి. ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవులకి ఏ మందు ఎంత మోతాదులో పనిచేస్తుందో తేల్చడం మా పని. గాజు గొట్టాల్లో వాటిని పెంచి, మందు కలిపి, వారం తర్వాత ఒక్కో బొట్టు మైక్రోస్కోపు కింద చూస్తాం. మెలి తిరిగిన దారప్పోగుల్లా ఉంటాయవి. కదలకపోతే చచ్చినట్టేనని నేను రిజిస్టరులో రాసిపారేసేవాణ్ణి. ఆగక్క ఒప్పుకునేది కాదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కదలని బొట్టునే మందు లేని కొత్త గొట్టంలో వేసి, ఇంకో మూడు వారాలు వెచ్చని పెట్టెలో ఉంచేది.

“స్పృహ తప్పినవాణ్ణి తీసుకెళ్ళి పాతిపెడతావా ఏంట్రా?” అని కసిరేది.

ఆవిడ భర్త అడవి సరిహద్దులు కొలిచే సర్వేయరు. పురుగు కుట్టిన చోట ఎర్రటి మచ్చ లేస్తే, దురదేలే అని వదిలేశాడు. ఆలస్యంగా మందులు పడ్డాయి. జబ్బు పోయిందని డాక్టరు అన్నాడు గానీ మోకాలు మాత్రం మాట వినలేదు. ఒంట్లో అవి ఇంకా దాక్కునే ఉన్నాయని ఆయన పట్టుదల. మేం పరీక్షిస్తున్న కొత్త మందు మీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. అది నెగ్గితే ఆస్పత్రిలో కొందరు రోగులకిచ్చి చూస్తారు. ఆ జాబితాలో తన పేరూ రాయించుకున్నాడు. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చి ఒకటే ప్రశ్న వేసేవాడు.

“చచ్చాయా?”

“ఆగండి.”

“ఆ మాట తప్ప నీకింకోటి రాదా?”

ఏడో రోజుకి కొత్త మందు వేసిన గొట్టాల్లో ఒక్కటీ కదల్లేదు. పెద్ద సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “చచ్చాయని రాసెయ్యమ్మా, రిపోర్టు పంపిద్దాం” అన్నాడు. అలా రాయాలని మా అందరికంటే ఆవిడకే ఎక్కువుంది. ముఖం చూస్తే తెలిసిపోతోంది. అయినా బొట్లు తీసి కొత్త గొట్టాల్లో వేసింది.

అలా వేసిన ఇరవై ఒకటో రోజు పొద్దున గంటసేపు మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. తర్వాత నన్ను పిలిచింది.

“నా కళ్ళు మసకేసినట్టున్నాయి. నువ్వు చూడరా.”

ఆవిడ కళ్ళకేమీ కాలేదు. ఏమీ లేదని నా నోటితో వినాలని ఆశ. చూశాను. ఓ మూల ఒకే ఒక్క పోగు, బద్ధకంగా మెలి తిరుగుతోంది.

“ఉంది కదూ?”

“ఉందక్కా... ఒక్కటేగా. ఎవరు చూడొచ్చారు?”

“మనం చూశాంగా.”

రిజిస్టరు తీసి ‘బతికే ఉంది’ అని రాసింది. సంతకం పెట్టి, స్టూలు మీద కూలబడి ఏడ్చింది. పదేళ్ళలో ఆవిడ ఏడవగా చూడలేదు. నాకూ దుఃఖం ఆగలేదు.

సాయంత్రం ఆవిడ సంచి నేనే పట్టుకుని గేటుదాకా వెళ్ళాను.

“చచ్చాయా?”

“లేదండీ. ఒకటి బతికింది. ఈ మందుకి లొంగలేదు.”

ఆయన అరుస్తాడనుకున్నాను. కర్రని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, ఆవిడ భుజం ఆసరాగా పట్టుకున్నాడు.

“సరేలే,” అన్నాడు, “ఆగుదాం.”