వాడు రాసిన మా ఇంటి నాటకం

వాడి మీద నాకు కుళ్లు. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి చెబుతున్నాను. నేను పన్నెండేళ్లుగా నాటకాలు రాస్తున్నాను. వాడు రాసింది ఒక్కటి, అదీ హాస్య నాటకం.

వాడిది హిందూపురం. బెంగళూరులో ఒక పంక్ రాక్ బృందంలో పాడేవాడు. పాడటమంటే శ్రుతీ, సంగతులూ అనుకునేరు. గిటారు మీద మూడు చోట్ల వేళ్లు పెట్టడం వస్తే చాలు, మిగతాదంతా అరుపే. సగం తెలుగు, సగం కన్నడ. నీళ్ల ట్యాంకరు రాలేదని ఒక పాట, ఇంటి ఓనరును తిడుతూ ఇంకో పాట. జుట్టుకు ఆకుపచ్చ రంగు. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఇక అరవొద్దని డాక్టరు చెప్పాక, ధర్మవరంలో ఒక చీరల షాపుకు వీడియోలు తీసే పనిలో కుదిరి, మా మిద్దె మీది గదిలో బాడుగకు దిగాడు.

మాది నేత ఇల్లు. కింద గుంట మగ్గంలో నాయన, పక్కన అమ్మ కూర్చునేవాళ్లు. పెద్దంచు పట్టుచీరకు ఆ పక్క మనిషి లేనిదే పని జరగదు. అంచు పోగును అటూ ఇటూ మోసే నాడెను ఆమె అటువైపు నుంచి తోస్తేనే నాయన పోగును బిగించే దెబ్బ వేయగలడు. ఆ చప్పుడు నాకు పడేది కాదు. హిందూపురంలో పాఠాలు చెప్పి, సాయంత్రం రైల్లో ఇంటికొచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని నాటకాలు రాసుకునేవాణ్ని. వాడు మాత్రం కిందికి దిగి, మగ్గం దగ్గర గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

“ఏమబ్బా, పనీపాటా లేదా నీకు?” అనేది అమ్మ.

“పాట పోయిండాది, పని అయిపోయిండాది అమ్మా” అనేవాడు, ఆ బొంగురు గొంతుతోనే.

అమ్మ విరగబడి నవ్వి, వాడికి సంగటి పెట్టేది. నా కంచంలో కంటే వాడి కంచంలో చెనక్కాయల చెట్నీ ఎక్కువుందేమోనని నేను కళ్లతో కొలిచిన రోజులున్నాయి.

తర్వాత వాడు గది ఖాళీ చేసి హిందూపురం వెళ్లిపోయాడు. అమ్మ పోయింది. ఆ రోజు నుంచి నాయన మగ్గంలోకి దిగలేదు, నవ్వనూ లేదు. నేను అమ్మ మీద ఒక నాటకం రాశాను. గుండెలు పిండేసే సంభాషణలు పేజీలకు పేజీలు రాశాను. నాయనను ముందు వరసలో కూర్చోబెడితే రెండో రంగానికే నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. ఎలాగైనా ఆయనను ఒక్కసారి కదిలించాలన్నదే అప్పటి నుంచీ నా పట్టుదల. ఆ పని నేనే చేయాలి, ఇంకెవరూ చేయకూడదు.

మొన్న వేసవిలో వాడు ఫోన్ చేశాడు. పెనుకొండలో ఆదివారం మధ్యాహ్నం వాడి నాటకమట. “నాయన్ను గూడా పిల్చుకోని రాన్నా” అన్నాడు. అరుపుల వాడికి నాటకమేమిటి, ఎలా తగలబడుతుందో చూద్దామనే, ఎవరి నాటకమో చెప్పకుండా నాయనను వెంటబెట్టుకుని వెళ్లాను.

తెర లేచింది. స్టేజీ మీద మగ్గం, మొగుడూ పెళ్లాం. తెర చాటున డ్రమ్ము దగ్గర వాడు. మొగుడు ఒక మాట అంటాడు, వెంటనే మగ్గం మీద దెబ్బ వేస్తాడు, డ్రమ్ము మోగుతుంది.

“పులుసులో ఉప్పు లేదు.” ధన్!

“మీ యమ్మ నేర్పలేదా?” ధన్!

పెళ్లాం నోరు తెరిచేలోపే దెబ్బ పడుతోంది. అలా కొంతసేపు నడిచాక ఆమె నాడె తోయలేదు. చేతిలో పట్టుకుని అట్లే చూసింది. డ్రమ్ము ఆగింది. మొగుడి చెయ్యీ ఆగిపోయింది. నాడె రానిదే దెబ్బ లేదు కదా. ఆమె ఇంకా ఒక్క మాటా అనలేదు. హాలంతా గొల్లున నవ్వింది.

అది మా అమ్మే. నాడె చేతిలో బిగబట్టి, అనాల్సినవన్నీ అనేసి, అప్పుడు వదిలేది. నా పక్క కుర్చీ ఊగుతోంది. చూస్తే నాయన. పళ్లు లేని నోరు బార్లా తెరిచి, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు, కడుపు మండిపోయింది. అమ్మ నాది, నాయన నావాడు, మగ్గం మాది, ఆ నవ్వు మాత్రం వాడిది. అమ్మ పోయినప్పుడు కూడా నాకింత అన్యాయం జరిగిందనిపించలేదు.

తిరుగు రైల్లో నాయన కాసేపు తనలో తాను నవ్వుకుని, నా మోకాలి మీద తట్టాడు.

“ఇన్నాళ్లకు బాగా రాసినావురా.”

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఇంటి మాటలు ఇంకెవరికి తెలుస్తాయి? నేనే రాశాననుకున్నాడు.

“మీ యమ్మ ఉన్నట్లే ఉండె. నాడె పట్టుకోని చూసే ఆ చూపు ఎన్నాళ్లకు చూస్తినో!” అని, ఎదురు సీట్లో ఉన్నామె వైపు తిరిగాడు. “నా కొడుకమ్మా. నాటకాలు రాస్తాడు.”

పన్నెండేళ్లుగా నేను కాచుకున్న మెప్పు అది. నోరు మూసుకుంటే నాదైపోయేది. కానీ ఆయన నన్ను పొగిడేకొద్దీ వాడి మీద కుళ్లు ఇంకా ఎక్కువైంది. వాడికి రావాల్సింది తిని బతికే ఖర్మ నాకేమిటని ఒళ్లు మండింది.

“నేను కాదు నాయనా. వాడు. మన మిద్దె మీద ఉండె కదా, పచ్చ జుట్టోడు.”

నాయన చెయ్యి నా మోకాలి మీదే ఉంది. “ఇదంతా వానికి యాడ తెలుసురా?”

“మనింట్లోనే. మగ్గం కాడ కూచ్చోని వింటాండె.”

నాయన నా వైపు తిరిగాడు. ముఖంలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగా తెలియకే అడిగాడు.

“మరి నువ్వు యాడుంటివిరా?”